పంచరా, కొత్త టైరా? ముందు రిమ్ నుంచి విప్పించి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కారు టైర్ల గురించే. వానలు పడితే రోడ్డు పక్కనుండే మేకులు, స్క్రూలు, గాజుముక్కలు నీళ్ళతో కొట్టుకొచ్చి రోడ్డు మీదికి చేరతాయి, తడిసిన రబ్బరులోకి అవి సులువుగా దిగుతాయి, అందుకే ఈ కాలంలో పంచర్లు ఎక్కువ. అన్ని ఉత్తరాలకూ చోటు చాలదు కాబట్టి ఒకే తరహా ప్రశ్నల్ని కలిపేసి, వివరంగా రాసినవాటికి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: అన్నా, మాది నాలుగేళ్ళ చిన్న కారు, ముప్పై వేల కిలోమీటర్లు దాటింది, టైర్లు కంపెనీవే. పోయిన వారం రాత్రి రేణిగుంట నుంచి వస్తుంటే స్టీరింగ్ ఎడమవైపు లాగడం మొదలైంది. పక్కన ఆపుకునే చోటు లేదు, కార్లో పిల్లలున్నారు, చీకటి. మెల్లగా నడుపుకుంటూ కిలోమీటరున్నర దూరంలో ఉన్న పంచర్ షాపు దాకా వెళ్ళాను. అప్పటికే టైరు పూర్తిగా కూర్చుండిపోయింది. షాపాయన స్క్రూ పీకి, బయటి నుంచే రబ్బరు స్ట్రిప్ దూర్చి, గాలి కొట్టి పంపించేశాడు. మర్నాడు అలైన్‌మెంట్‌కి వెళ్తే అక్కడి అబ్బాయి ఈ టైరు పనికిరాదు, మార్చేయండి అన్నాడు. షోరూములో అడిగితే ఒకటి కాదు, రెండూ మార్చాలంటున్నారు. గాలి మాత్రం దిగడం లేదు. వచ్చే శనివారం అమ్మానాన్నలతో తిరుమల కొండకు వెళ్ళాలి. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, తిరుచానూరు

జవాబు: గాలి దిగడం లేదు కాబట్టి టైరు బాగుందనుకోకండి. మీ ఉత్తరంలో స్క్రూ కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ కిలోమీటరున్నర.

స్క్రూ చేసే రంధ్రం చిన్నది. అది టైరు నడుమ భాగంలో, బటన్ల మధ్య (రోడ్డును పట్టుకునే రబ్బరు గుబ్బల మధ్య) దిగి ఉంటే దాన్ని సరిగ్గా పూడ్చుకోవచ్చు, ఆ టైరుతో ఇంకా చాలా దూరం తిరగొచ్చు. గాలి లేకుండా కారు కదలడం వేరే సంగతి. అప్పుడు బరువంతా టైరు పక్క గోడల మీద, అంటే సైడ్‌వాల్ మీద పడుతుంది. పైనుంచి రిమ్ అంచు, కిందినుంచి రోడ్డు ఆ గోడను మధ్యలో పెట్టి నలుపుతాయి, చక్రం తిరిగిన ప్రతిసారీ మడత పడుతుంది, రాపిడికి వేడెక్కుతుంది. ట్రెడ్ కింద, అంటే రోడ్డుకు ఆనే భాగం కింద స్టీలు పట్టీలుంటాయి, మామూలు కారు టైరు సైడ్‌వాల్‌లో అవి ఉండవు, దారాల అల్లిక మీద పల్చటి రబ్బరు, అంతే. ఆ దారాలు లోపల దెబ్బతింటే బయటికి ఏమీ కనపడకపోవచ్చు. గాలి కొట్టగానే మళ్ళీ గుండ్రంగా నిలబడుతుంది, కొన్నాళ్ళు గాలి కూడా నిలుస్తుంది. తర్వాత ఎప్పుడో మిట్టమధ్యాహ్నం ఎండలో, కారు నిండా మనుషులున్నప్పుడు, స్పీడులో ఉన్నప్పుడు ఆ గోడ ఒక్కసారిగా చీలుతుంది. మేకు గుచ్చుకున్న టైరులో గాలి మెల్లగా దిగుతుంది, మనకు ఆపుకునే టైం ఉంటుంది. ఇందులో ఉండదు.

అందుకే ముందు ఆ టైరును రిమ్ నుంచి పూర్తిగా విప్పించండి. విప్పాక మీరే చూడండి, ఫోన్ టార్చ్ వేసుకుని. లోపల నల్లటి పొడి పోగై ఉందా, పెన్సిల్ రాత చెరిపినప్పుడు రాలే పొట్టులాంటిది? తర్వాత సైడ్‌వాల్ లోపలివైపు చెయ్యి పెట్టి చుట్టూ తిప్పండి. దెబ్బ తగలని టైరు లోపల అంతా ఒకే రకంగా తగులుతుంది. గాలి లేకుండా దొర్లిన టైరైతే గోడ మడతపడిన చోట చుట్టూ ఒక పట్టీలా గరుకుగా, ముడతలుగా ఉంటుంది, కొన్నిచోట్ల రబ్బరు లేచిపోయి కింద దారాలు వేలికి తెలుస్తాయి. బయటివైపు కూడా రిమ్ అంచు దగ్గర చుట్టూ రాసుకుపోయినట్టు ఒక గీత కనపడొచ్చు. వీటిలో ఏది కనపడినా ఆ టైరు మార్చాల్సిందే, పంచర్ ఎంత చిన్నదైనా సరే, బటన్లు ఎంత కొత్తగా ఉన్నా సరే. అలైన్‌మెంట్ అబ్బాయి బహుశా ఆ గీత చూసే అని ఉంటాడు. ఎందుకు పనికిరాదో వేలు పెట్టి చూపించమనండి. చూపించగలిగిన మనిషి మాట నమ్మండి, ఊరికే మార్చేయండి అనేవాడి మాటా, పర్లేదు పోండి అనేవాడి మాటా రెండూ నమ్మకండి. పూర్తిగా కూర్చున్న టైరు మీద కిలోమీటరున్నర అన్నారు కాబట్టి, నా అంచనా అయితే అది మార్చాల్సే వస్తుంది. అయినా చూడకుండా పారేయొద్దు.

కొండ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎక్కేటప్పుడు 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు, దిగేటప్పుడు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. దిగే దారిలో మలుపు మీద మలుపు, ప్రతి మలుపులో కారు బరువు బయటివైపు టైరు మీదికి ఒరుగుతుంది, సైడ్‌వాల్ పక్కకు వంగుతుంది, దానికి తోడు బ్రేకుల వేడి రిమ్‌కు ఎక్కుతుంది. లోపల నలిగిన టైరుకు ఇంతకంటే కష్టమైన దారి మన చుట్టుపక్కల లేదు. లోపల చూడకుండా అలిపిరి దాటొద్దు. శనివారంలోపు కుదరకపోతే ఆ చక్రం తీసి స్టెప్నీ వేసుకుని వెళ్ళండి, అది మిగతా మూడింటి సైజుదే అయి, గాలి సరిగ్గా ఉండి, మరీ పాతది కాకుంటే. లేదంటే కారు కిందే పెట్టి బస్సులో వెళ్ళండి, అమ్మానాన్నలకు ఇబ్బందేమీ ఉండదు.

ఒకవేళ అదృష్టం బాగుండి లోపల శుభ్రంగా ఉందనుకుందాం. అప్పుడు కూడా ఆ స్ట్రిప్‌తో వదిలేయకండి. ట్యూబ్‌లెస్ టైరు లోపల గాలి ఆపే రబ్బరు పొర ఒకటి ఉంటుంది, ట్యూబు చేసే పని అదే చేస్తుంది. స్ట్రిప్ రంధ్రంలో ఇరుక్కుని కూర్చుంటుందే గానీ ఆ లోపలి పొరను మూయదు. నడిరోడ్డు మీద ఇంటికి చేరడానికి స్ట్రిప్ మంచిదే, నేను వద్దనను. కానీ అది సరిగ్గా బిగుసుకోకపోతే రంధ్రం లోంచి మెల్లగా నీళ్ళు దిగి ట్రెడ్ కింది స్టీలు తీగలు తుప్పు పడతాయి, అలా తుప్పు పట్టిన టైరులో పొరలు విడిపోతాయి. సరైన పని మష్రూమ్ ప్యాచ్. కాడ, గొడుగు రెండూ ఉంటాయి, కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు లోపలి పొరకు అతుక్కుంటుంది. టైరు విప్పి, రంధ్రం చుట్టూ లోపల గీకి, రంధ్రాన్ని మేకు దిగిన కోణంలోనే శుభ్రం చేసి, సొల్యూషన్ పూసి, అది కాస్త ఆరి జిగురుగా మారేదాకా ఆగి, కాడను లోపలి నుంచి బయటికి లాగి, గొడుగు మీద చిన్న రోలరుతో గట్టిగా రుద్దాలి. ఆ ఆగడం దగ్గరే చాలామంది తొందరపడతారు. సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ వేస్తున్నాడంటే చెప్పండి, రెండు నిమిషాలు ఆగమని. స్ట్రిప్ కంటే డబ్బు ఎక్కువ తీసుకుంటారు, అరగంట పైనే పడుతుంది, అయినా ఆ పని అలాగే చేయించుకోవాలి. విప్పారు కాబట్టి బ్యాలెన్సింగ్ కూడా చేయించండి.

ఇక ఒకటా, రెండా. షోరూము వాళ్ళు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. ఒకే ఇరుసు మీద ఒకవైపు కొత్త టైరు, ఇంకోవైపు సగం అరిగిన టైరు ఉంటే తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు రెండూ ఒకేలా పట్టవు. ముప్పై వేలు తిరిగిన మీ టైర్లు ఎంత అరిగాయో చూడండి. బటన్ల మధ్య గాడుల్లో అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు అడ్డంగా ఉంటాయి, ఎక్కడున్నాయో తెలియడానికి టైరు పక్కన చిన్న త్రికోణం గుర్తు గానీ, టీడబ్ల్యూఐ అన్న అక్షరాలు గానీ ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మి.మీ. బటన్లు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే చట్టప్రకారం కూడా టైరు అయిపోయినట్టే. అంతదాకా ఆగాలని కాదు, 3 మి.మీ.కి వచ్చిందంటే మన అక్టోబరు, నవంబరు వానల్లో నీటిని తోయడం బాగా తగ్గిపోతుంది. మీ జోడీ టైరు సగానికి పైగా మిగిలి ఉంటే ఒకటే కొంటే చాలు, లేదా స్టెప్నీ వాడనిదై ఉంటే దాని పరిస్థితి చూసి, బాగుంటే దాన్నే వేసి సర్దుకోవచ్చు. సగం కంటే తక్కువైతే రెండూ మార్చండి. రెండూ కొత్తవి వేస్తే వాటిని వెనక ఇరుసుకు వేయమనండి, కారు ముందు చక్రాలతో నడిచేదైనా సరే. ముందు టైర్లు నీళ్ళ మీద జారితే స్టీరింగ్ తేలికైనట్టు తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే సర్దుకుంటుంది, వెనకవి జారితే కారు తోక తిప్పేస్తుంది, అది మామూలు డ్రైవరు చేతిలో ఆగదు. షాపుల్లో చాలామంది కొత్తవి ముందుకే వేస్తారు, మీరే గట్టిగా చెప్పాలి.

ప్రశ్న: కొత్త టైర్లు వేయించి రెండు నెలలు కూడా కాలేదు సార్. గ్రానైట్ ఫ్యాక్టరీ పక్క సందులో వెళ్తుంటే ఇనుప ముక్క ఒకటి టైరు అంచులో, బటన్లు అయిపోయి పక్క గోడ మొదలయ్యే చోట దిగింది. ఒక షాపులో కుదరదన్నారు. ఇంకో షాపులో వేడితో అతికించే హాట్ ప్యాచ్ వేసి గ్యారంటీ ఇస్తానంటున్నారు. కొత్త టైరు పారేయాలంటే ప్రాణం ఒప్పడం లేదు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ప్రాణం ఒప్పదు, నిజమే. అయినా కుదరదన్న షాపాయనే మీకు మేలు చేశాడు. పంచర్ వేయదగ్గది ట్రెడ్ నడుమ భాగంలోనే, అదీ రంధ్రం 6 మి.మీ. లోపు ఉంటేనే. మీరు చెప్పిన చోటును షోల్డర్ అంటారు, అక్కడ టైరు ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ ఉంటుంది. ఎంత మంచి ప్యాచ్ వేసినా ఆ కదలికకు అంచులు లేస్తాయి. సైడ్‌వాల్ అయితే ఇంకా దారుణం, దారాలు తెగిన చోట బలం ప్యాచ్‌తో రాదు. హాట్ ప్యాచ్, వల్కనైజింగ్ అనేవి లారీ, ట్రాక్టర్ టైర్ల దగ్గర చూసి కార్లకు కూడా చేసేస్తున్నారు. ఆ గ్యారంటీ ఏమిటో అడిగి చూడండి, ప్యాచ్ ఊడితే మళ్ళీ ప్యాచ్ వేస్తానంటాడు, అంతే కదా.

ఒక్క పని చేయండి. ఆ ముక్క గాలి పోయేంత లోతు దిగిందా లేదా ముందు చూడండి. కొన్నిసార్లు బటన్ రబ్బరులోనే ఆగిపోతుంది. సబ్బునీళ్ళు పోస్తే బుడగలు రాకపోతే, ముక్క పీకాక కూడా రాకపోతే, లోపల దారాలు కనపడకపోతే అది గాయం మాత్రమే, టైరు వాడుకోవచ్చు. బుడగ వచ్చిందంటే మాత్రం మార్చండి. మీవి రెండు నెలల టైర్లు కాబట్టి అదే కంపెనీ, అదే మోడల్ టైరు ఒక్కటి కొంటే చాలు, రెండు కొనమని ఎవరైనా అంటే వినక్కర్లేదు. కొన్న బిల్లు, వారంటీ కార్డు వెతకండి. మామూలు వారంటీలో తయారీ లోపాలకే చూస్తారు, మేకులు, కోతలు రావు. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్ళకు రోడ్డు మీద తగిలే దెబ్బలకు కూడా వారంటీ ఇస్తాయి, అరిగినదాని లెక్క తీసేసి మిగతా విలువ ఇస్తారు. అడగడానికి ఖర్చేమీ లేదు.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది అడిగారు, ఇక్కడే చెప్పేస్తాను. మామూలు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే దెబ్బతింటే డబ్బు రాదు. అదే ప్రమాదంలో కారు కూడా దెబ్బతింటే టైరు ఖరీదులో 50 శాతం దాకా ఇస్తారు. టైర్ ప్రొటెక్ట్ లాంటి యాడ్-ఆన్ (అదనపు కవరు) విడిగా కట్టి ఉంటే వేరు, దాని షరతులు చదువుకోండి.

ప్రశ్న: నేను టాక్సీ నడుపుతాను. పలమనేరు, చిత్తూరు, కాణిపాకం, తిరుపతి ఇదే తిరుగుడు. వెనక కుడి టైరుకు ఇప్పటికే నాలుగు పంచర్లు. ట్యూబు వేసేసుకో, ఇంకో ఏడాది లాగుతుందని మా స్టాండులో అందరూ అంటున్నారు. వేయొచ్చా?
– ఒక డ్రైవరు, పలమనేరు

జవాబు: వద్దన్నా. ట్యూబ్‌లెస్ టైరు లోపలి గోడ ట్యూబు కోసం చేసింది కాదు, అక్కడుండే గరుకుకు ట్యూబు రాసుకుని వేడెక్కుతుంది. టైరుకు, ట్యూబుకు మధ్య గాలి చిక్కుకుంటుంది. అన్నిటికంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఇప్పుడు మేకు దిగితే మీకు గాలి మెల్లగా పోతుంది, ట్యూబు వేశాక మేకు దిగితే ఒక్కసారిగా పోతుంది. మొగిలి ఘాట్‌లో లారీల మధ్య, బండి నిండా ప్యాసింజర్లను పెట్టుకుని అలా జరగడం ఊహించుకోండి.

నాలుగు పంచర్లు అనగానే టైరు చెడిపోయిందని కూడా నేను అనను. అవి ఎక్కడెక్కడ ఉన్నాయన్నదే ముఖ్యం. నాలుగూ నడుమ భాగంలో, ఒకదానికొకటి దూరంగా, లోపల ప్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉంటే సరే. రెండు పక్కపక్కనే ఉంటే ఆ చోట స్టీలు పట్టీ బలహీనమైనట్టే. నాలుగూ బయటి నుంచి దూర్చిన స్ట్రిప్‌లే అయితే ఒకసారి విప్పించి, లోపల ఎలా ఉందో చూసి, పనికొస్తుందంటే ఒక్కొక్కటీ మష్రూమ్‌తో సరిగ్గా వేయించండి. ఆ ఖర్చు లెక్క వేసుకుంటే, బటన్లు సగం అరిగిపోయిన టైరుకు అంత పెట్టడం దండగని మీకే తెలుస్తుంది. రోజంతా ప్యాసింజర్లను ఎక్కించుకునే బండికి నా మాట అయితే మార్చేయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అదే వేశారా చూసుకోండి.

కొనేటప్పుడు సైజుతో పాటు చివరి అంకె, అక్షరం కూడా కలవాలి. ఉదాహరణకు 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే 88 అంటే ఆ ఒక్క టైరు 560 కిలోల దాకా మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కి.మీ. వేగానికి తట్టుకుంటుందని. వేగం మనకు అవసరం పడదు, బరువు పడుతుంది. లగేజీ క్యారియర్ వేసుకుని తిరిగే బండికి చౌకగా వస్తుందని తక్కువ అంకె టైరు వేయకండి.

ప్రశ్న: ఒంటరిగా పుత్తూరు వైపు నుంచి వస్తుంటే ఒక షాపులో గాలి కొట్టించుకుందామని ఆగాను. మీ టైరులో పంచర్ ఉందన్నారు, చూస్తుండగానే ఆరు రంధ్రాలన్నారు, అన్నిటికీ స్ట్రిప్‌లు వేసి, ఒక్కోదానికి లెక్కగట్టి పెద్ద మొత్తం తీసుకున్నారు. ఇంటికొచ్చాక మా ఆయన అన్ని మేకులు ఎలా దిగుతాయి అన్నారు. నాకు మోసం జరిగిందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నేను చూడలేదు కాబట్టి తేల్చి చెప్పలేనమ్మా. కానీ ఇలాంటి ఉత్తరాలు ఇంతకు ముందూ వచ్చాయి. చేతిలో సూదిలాంటిది దాచుకుని వెతికే వంకతో గుచ్చేవాళ్ళు ఉన్నారు. నిజాయితీగా ఎండలో నడుము విరిగేలా పని చేసే పంచర్ షాపు వాళ్ళకు కూడా వీళ్ళ వల్లే చెడ్డపేరు.

ఇకపై గాలి కొట్టించేటప్పుడు కారు దిగి చక్రం పక్కనే నిలబడండి. పంచర్ అంటే ముందు చక్రం ఊడదీయించి నీళ్ళ తొట్టిలో ముంచమనండి, లేదా టైరంతా సబ్బునీళ్ళు పోయమనండి. బుడగ వచ్చిన ప్రతి చోటా చాక్‌పీసుతో గుర్తు పెట్టించి, ఏ పరికరమూ పెట్టకముందే ఫోటో తీసుకోండి. రంధ్రానికి ఇంత అన్న రేటు ముందే మాట్లాడుకోండి. నిజంగా మేకు దిగిన చోట మేకు కనపడుతుంది, లేదా పాత మురికితో నల్లగా ఉంటుంది, అప్పుడే గుచ్చిన రంధ్రం చుట్టూ శుభ్రంగా ఉంటుంది. గాలి బాగానే ఉండి టైరు కుదురుగా ఉంటే అక్కడ ఏమీ చేయించకుండా వచ్చేయండి. మేకు కనపడినా సరే, గాలి దిగకుంటే దాన్ని మీరు పీకకండి, అది దిగి ఉన్నంతసేపు రంధ్రాన్ని కొంత మూసే ఉంటుంది. గాలి చూసుకుంటూ మీకు తెలిసిన షాపు దాకా మెల్లగా రావచ్చు. ఇప్పుడు ఆ ఆరు స్ట్రిప్‌ల టైరును ఒకసారి విప్పించి చూపించండి, సైడ్‌వాల్ దగ్గర ఒక్కటి గుచ్చి ఉన్నా ఆ టైరు వాడకూడదు.

ప్రశ్న: రెండు మూడు రోజులకొకసారి ఒకే టైరులో గాలి తగ్గుతోంది. మేకు లేదు, తొట్టిలో ముంచినా బుడగ రాలేదు. టైరు మార్చేయమంటారా?
– చంద్రగిరి

జవాబు: అప్పుడే వద్దు. వాల్వు మూత తీసి ఒక చుక్క ఉమ్మి గానీ సబ్బునీళ్ళు గానీ పెట్టండి, లోపలి పిన్ను వదులైతే అక్కడే బుడగ వస్తుంది, పిన్ను మారిస్తే సరిపోతుంది. రబ్బరు వాల్వును పక్కకు వంచి చూడండి, మొదట్లో పగుళ్ళుంటే వాల్వు మార్పించండి. అదీ కాకపోతే టైరు, రిమ్ కలిసే చోట తుప్పో మట్టో చేరి ఉంటుంది, విప్పి శుభ్రం చేసి మళ్ళీ ఎక్కించాలి. అల్లాయ్ రిమ్ అయితే గుంతలో పడి సన్నగా పగిలి ఉండొచ్చు, లోపలివైపు చూడండి. తొట్టిలో ఎక్కువ గాలితో, రెండు మూడు నిమిషాలు ఉంచి చూస్తేనే ఇలాంటి బుడగలు బయటపడతాయి.

ప్రశ్న: కొత్తగా కొన్న కారులో స్టెప్నీ లేదు, ఒక డబ్బా, చిన్న పంపు ఇచ్చారు. ఇలా ఇవ్వొచ్చా? ఆ డబ్బా పోస్తే పంచర్ పోయినట్టేనా?
– శ్రీకాళహస్తి

జవాబు: ఇవ్వొచ్చు. టైరులో గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకున్నా పర్వాలేదని 2020లోనే కేంద్రం రూల్స్ మార్చింది. ఆ డబ్బాలోది సీలెంట్, చిన్న రంధ్రాన్ని లోపలి నుంచి మూస్తుంది, సైడ్‌వాల్ చీలితే పనిచేయదు. అది షాపు దాకా చేరడానికే, కిట్టు మీద రాసిన వేగం దాటకుండా వెళ్ళండి, సాధారణంగా 80 కి.మీ. అని ఉంటుంది. షాపులో విప్పేముందు సీలెంట్ పోశానని చెప్పండి, లేదంటే వాళ్ళ ముఖాన చిమ్ముతుంది. లోపల అంతా కడిగి, సెన్సర్‌కు అంటింది తుడిచి, ఆ తర్వాతే మష్రూమ్ వేయాలి. డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉంటుంది, ఇప్పుడే వెళ్ళి చూడండి. శ్రీకాళహస్తి నుంచి నాయుడుపేట వైపు రాత్రిళ్ళు ఎక్కువ తిరిగేవారైతే విడిగా ఒక స్టెప్నీ, జాకీ కొనుక్కుని డిక్కీలో పెట్టుకోండి, సామాన్ల చోటు పోయినా సరే.

ప్రశ్న: వరదయ్యపాలెం దగ్గర అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది కదా, మన జిల్లాలోదే కాబట్టి అక్కడివి కొంటే తాజాగా వస్తాయా? ఇంకోటి, నా స్టెప్నీ 2016ది, ఒక్కసారి కూడా కింద పెట్టలేదు, బటన్లన్నీ అలాగే ఉన్నాయి. పంచరైన టైరు బదులు దాన్నే పర్మనెంటుగా వేసుకోవచ్చా?
– సత్యవేడు

జవాబు: చిన్నపాండూరులో ఆ ఫ్యాక్టరీ 2020 నుంచి నడుస్తోంది, నిజమే. కానీ మీరు కొనేది డీలరు దగ్గర, ఆ టైరు ఏ గోడౌన్లో ఎన్నాళ్ళు ఉందో ఊరి పేరు చెప్పదు. టైరు మీద డీఓటీ అన్న అక్షరాల తర్వాత వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 3425 అని ఉంటే 2025లో 34వ వారం తయారైందని అర్థం. ఒకవైపే ఉంటుంది, అటువైపు లేకపోతే ఇటువైపు వంగి చూడండి. ఆరు నెలల్లోపుదైతే కళ్ళు మూసుకుని తీసుకోండి, ఏడాది దాటిందంటే ఇంకోటి తెమ్మని అడగండి.

మీ స్టెప్నీ మాత్రం వద్దు. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, డిక్కీలో మన ఎండల వేడికి ఇంకా తొందరగా. ఐదారేళ్ళు దాటిన టైరును ప్రతి ఏడాదీ చూపించుకోవాలి, పదేళ్ళకు వచ్చిందంటే బటన్లు ఎలా ఉన్నా తీసేయాల్సిందే. గోళ్ళతో బటన్ల మధ్య నొక్కి, సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్ళు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. దాన్ని షాపు దాకా చేరడానికి వాడుకోండి, అదీ నెమ్మదిగా. పంచరైన టైరు బాగుంటే దాన్నే సరిగ్గా ప్యాచ్ వేయించి మళ్ళీ చక్రానికి ఎక్కించండి, ఈసారి కొత్త టైర్లు కొన్నప్పుడు ఉన్నవాటిలో మంచిది ఒకటి స్టెప్నీగా పెట్టుకోండి. చక్రం మార్చాక ఓ యాభై, వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్ళీ ఒకసారి బిగించుకోండి.